హైదరాబాద్ చుట్టుపక్కల ఎండ్రకాయలు పట్టి వండుకోవడం ఎలా?

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇంటిల్లిపాదీ క్రేఫిష్ (రొయ్యలా ఉండి, ముందు కాళ్లు కత్తెరల్లా ఉండే మంచినీటి జీవి) పట్టి, పెద్ద గంజులో ఉడకేసి, బల్లమీద కుమ్మరించుకుని తినే వీడియోలు చూసి "మన దగ్గర ఇవెక్కడ దొరుకుతాయి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దొరకవు. క్రేఫిష్ మన దేశపు జీవి కాదు. నగరంలోని అక్వేరియం దుకాణాల్లో రంగురంగుల క్రేఫిష్ అమ్ముతారు గానీ వాటిని వండుకోకూడదు. తొట్టి నీళ్లలో ఏ మందులు కలిపారో మనకు తెలియదు. విసుగొచ్చిందని చెరువులో వదలడం ఇంకా పెద్ద తప్పు. ఎర్ర క్రేఫిష్ గట్లను తొలిచేస్తుంది, వరి మొలకలను కొరికేస్తుంది. స్పెయిన్, పోర్చుగల్ వరి రైతులు ఆ బాధ ఇప్పటికే పడుతున్నారు.

మన మళ్లలో, వాగుల్లో ఉండేది ఎండ్రకాయ. కోస్తావాళ్లు పీత అంటారు. పట్టే పద్ధతి దాదాపు క్రేఫిష్‌దే: దారానికి ఎర కట్టి ఓపిగ్గా కూర్చోవడం. గాలం ముల్లు అవసరం లేదు కాబట్టి ఏడెనిమిదేళ్ల పిల్లలు కూడా పెద్దల పక్కన కూర్చుని పట్టగలరు. శనివారం సాయంత్రం పట్టి, రాత్రంతా మంచినీళ్లలో ఉంచి, ఆదివారం వండేలా ప్లాన్ వేసుకోండి. పట్టిన గంటలోనే వండేయాలనుకుంటే కూరలో బురద వాసన తప్పదు.

ముందుగా మూడు మాటలు

బొక్కలో చెయ్యి పెట్టకండి. ఊళ్లో అలవాటున్నవాళ్లు పెడతారు, వాళ్లను చూసి మీరు పెట్టకండి. ఎండ్రకాయ తవ్విన బొక్కలోనే పాము కూడా చేరుతుంది.

పచ్చిది గానీ, సగం ఉడికినది గానీ తినకండి. మంచినీటి పీతల్లో ఊపిరితిత్తులకు పట్టే ఒక రకం పురుగు పిల్లలు ఉండొచ్చు. అవి ఒంట్లో చేరితే నెలల తరబడి దగ్గు, కఫంలో రక్తం కనిపిస్తాయి. ఈశాన్య రాష్ట్రాల్లో దీన్ని టీబీ అనుకుని మందులు వాడినవాళ్లున్నారు. బాగా ఉడికిస్తే ఆ పురుగు చస్తుంది. నిమ్మరసం, ఉప్పు, కారం, కల్లు దాన్ని చంపలేవు.

రొయ్యలు తింటే దద్దుర్లో, పెదాల వాపో వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఎండ్రకాయ పెట్టకండి, పులుసు కూడా పోయకండి.

ఎక్కడ పట్టాలి, ఎక్కడ పట్టకూడదు

మిగతా తప్పులన్నీ వంటింట్లో ఎంతోకొంత సర్దుకోవచ్చు. చోటు తప్పితే మాత్రం ఏ వంటా దాన్ని కాపాడలేదు. ఎండ్రకాయ బురదలో ఏది దొరికితే అది తినే జీవి. నీళ్లలోని విషం, లోహాలు దాని ఒంట్లో చేరతాయి. ఉడికిస్తే పురుగు చస్తుంది గానీ సీసం, పురుగుమందు పోవు.

హుస్సేన్‌సాగర్, నగరం లోపలి చెరువులు, నాలాలు, మూసీ వద్దే వద్దు. మూసీ నగరం దాటాక కింద ప్రతాపసింగారం, కొర్రెముల, ఎదులాబాద్ వైపు వరి పచ్చగా కనిపిస్తుంది, ఒడ్ల మీద ఎండ్రకాయలూ కనిపిస్తాయి. ఆ మళ్లకు పారేది నగరపు మురుగు. పటాన్‌చెరు వైపు నక్కవాగు, జీడిమెట్ల, కాటేదాన్ లాంటి ఫ్యాక్టరీల కిందున్న కాలువలు కూడా అంతే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ తాగునీటి చెరువులు, అక్కడ నీళ్లలోకి దిగే ఆలోచన పెట్టుకోకండి. మంజీరా అభయారణ్యంలో మొసళ్లున్నాయి.

పనికొచ్చేవి బోరు నీళ్లతోనో, వాన నీళ్లతో నిండిన ఊరి కుంటతోనో పారే వరి మళ్లు. శంకర్‌పల్లి, చేవెళ్ల, షాబాద్, యాచారం, మంచాల, బొమ్మలరామారం వైపు తెలిసినవాళ్ల పొలం ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. తెలిసినవాళ్లు లేకపోతే రైతును అడగండి. ఎండ్రకాయలు ఒడ్డుకు బొక్కలు పెట్టి నీళ్లు పోగొడతాయి కాబట్టి పట్టుకుపోతామంటే రైతు సాధారణంగా కాదనడు. చెరువైతే సంగతి వేరు. చాలా చెరువుల్లో చేపల హక్కు ఊరి మత్స్యకారుల సంఘానిది. వాళ్లను అడగకుండా నీళ్లలో ఎర వేయకండి.

రైతును ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

- ఈ మడికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?
- ఈ పంటలో పురుగుమందు గుళికలు చల్లారా? దోమపోటుకో, మొగిపురుగుకో మందు కొట్టారా? ఎప్పుడు?
- పై మళ్లవాళ్లు కొట్టారా? ఆ నీళ్లు కింది మడికే దిగుతాయి.
- అడవి పందుల కోసం చుట్టూ ఎక్కడైనా కరెంటు తీగ కట్టారా?

మందు కొట్టిన మడిలో ఆ పంట కోసేదాకా పట్టకండి. పది రోజులైంది, పర్లేదు అని పొలం మనిషే అన్నా వదిలేయండి. పగలు ఒడ్డు మీద మందకొడిగా పడివున్న ఎండ్రకాయలు, వెల్లకిలా తేలుతున్న చిన్న చేపలు, నీళ్ల మీద నూనె తెట్టు కనిపిస్తే ఎవరినీ అడగనక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి.

ఎప్పుడు

ఎండాకాలమంతా ఎండ్రకాయ బొక్కలో లోతుగా దాక్కుంటుంది. తొలకరి పడగానే బయటికొస్తుంది. మృగశిర కార్తెకు చేపల మార్కెట్లు కిటకిటలాడేటప్పుడే దీని మీదకూ మనసు పోతుంది గానీ అప్పుడు ఆగడం మంచిది. ఆ వానల్లో పొట్ట కింద పిల్లలను మోసే ఆడవి ఎక్కువగా తిరుగుతుంటాయి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, వానలు తగ్గి మళ్లలో నీళ్లు తేటపడ్డాక, పట్టడమూ తేలిక, కండా బాగుంటుంది. యాసంగి నాట్లు పడ్డాక మరో విడత పట్టొచ్చు.

సాయంత్రం 4 గంటల నుంచి పొద్దుగూకేదాకా సరైన వేళ. రాత్రి టార్చ్ వేస్తే ఇంకా ఎక్కువ దొరికే మాట నిజమే. అయితే పిల్లలతో చీకట్లో ఒడ్ల మీద నడవడం అంటే పాములు, గోడ లేని వ్యవసాయ బావులు, కరెంటు తీగలు. పొద్దు పోకముందే సర్దుకోండి.

కావలసినవి

పట్టడానికి:

- మీటరు పొడవు వెదురు కర్ర, మనిషికి ఒకటి
- పురికొస లేదా మందపాటి నూలు దారం, కర్రకు 2 మీటర్లు. నైలాన్ దారం వద్దు. వేళ్లు కోస్తుంది, తెగి పొలంలో పడితే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది.
- ఎరకు అరకిలో కోడి మెడలు లేదా చేప తలలు. చికెన్ షాపులో తోలుతో ఉన్న మెడలు అడగండి, తోలు గట్టిది, త్వరగా ఊడదు.
- చేతిజాలి. లేకపోతే వడ్లు జల్లించే పెద్ద జల్లెడ.
- 15 లీటర్ల బకెట్, మూతకు బొక్కలు పెట్టినది. తడిపిన గోనె సంచులు రెండు.
- కనీసం 30 సెంటీమీటర్ల పొడవున్న పట్టకారు
- పెద్దలకూ పిల్లలకూ గమ్‌బూట్లు. చెప్పులతో, ఉత్తకాళ్లతో దిగొద్దు. కుంటల ఒడ్డున పగిలిన సీసాలు మామూలే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పుండుకు తగిలినా జ్వరాలొస్తాయి.
- సబ్బు, తాగే నీళ్లు, గాయాలకు కట్టు సామాను

నలుగురికి ఒక కిలో చాలు. మధ్యరకం ఎండ్రకాయలైతే ఇరవై దాకా వస్తాయి. శుభ్రం చేశాక బరువు బాగా తగ్గుతుంది, అందుకని కూరతోపాటు పప్పో, గుడ్లో పెట్టుకోండి. మొదటిసారి వెళ్లినవాళ్లకు కిలో దొరక్కపోవడమే ఎక్కువ.

పట్టడం

1. ముందు చోటు చూసుకోండి. మడికి నీళ్లు దిగే గండి, కాలువ మలుపు, తూము దిగువన రాళ్ల సందులు బాగుంటాయి. నీళ్లు మోకాలి లోపే ఉండాలి, కదలిక నెమ్మదిగా ఉండాలి. ఒడ్డు మీద తడి మట్టి ఉండలు పేర్చినట్టున్న బొక్క కనిపిస్తే దగ్గర్లో ఎండ్రకాయ ఉన్నట్టే. దాని నోరు నిలువుకన్నా అడ్డంగా వెడల్పు ఉంటుంది. పొడి మట్టి కుప్ప, వడ్ల గింజలు, గడ్డి పరకలు ఉంటే అది ఎలుకది. మూతికి సాలెగూడు అల్లుకుని ఉంటే ఈమధ్య ఏదీ లోపలికి పోలేదు.

2. మెడ ముక్కను బొటనవేలంత కోసి, దారంతో అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా ఒక చుట్టు వేసి మూడు ముళ్లు వేయండి. గట్టిగా లాగి చూడండి. వదులుగా కడితే ఎండ్రకాయ ముక్కను పీక్కుని పోతుంది, మీ చేతిలో దారం మిగులుతుంది. తేలిపోకుండా ముక్క పక్కన చిన్న రాయి కట్టండి.

3. ఎర అడుగు తాకేదాకా దించి, దారాన్ని సడలించకుండా పట్టుకోండి. మీ నీడ నీళ్ల మీద పడకూడదు. పొద్దుకు ఎదురుగా కూర్చుంటే నీడ వెనక పడుతుంది. కాళ్లు నేలకేసి కొట్టవద్దని పిల్లలకు ముందే చెప్పండి. ఎండ్రకాయ మాట కన్నా అదురును త్వరగా పసిగడుతుంది.

4. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. దారం పక్కకు జరిగినట్టో, మెల్లగా బరువెక్కినట్టో తెలుస్తుంది. చేపలా గుంజదు. తెలిసిన వెంటనే లాగకండి, పది లెక్కపెట్టండి. రెండు కొండెలతో, అంటే కత్తెరల్లాంటి ముందు కాళ్లతో, పట్టు బిగించాలి కదా.

5. దారాన్ని చాలా నెమ్మదిగా, ఆపకుండా పైకి తీయండి. జానెడు లోతులో ఎండ్రకాయ కనిపించగానే రెండో మనిషి జాలిని దాని కింద నుంచి పెట్టాలి. నీళ్ల పైకి తల రాగానే ఎర వదిలేస్తుంది, అందుకే జాలి ముందే నీళ్లలో ఉండాలి. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. ఒకరు దారం, ఒకరు జాలి అని పిల్లలకు పంచేస్తే ఇద్దరికీ పని ఉంటుంది, తగువూ ఉండదు.

6. జాలిలో పడ్డదాన్ని పట్టకారుతో తీయండి. చేత్తో పట్టాలంటే వెనక నుంచి, బొటనవేలు పొట్ట కింద, చూపుడువేలు పెంకు మీద పెట్టి పట్టాలి. అలా పడితే కొండె వేలికి అందదు. కరిస్తే లాగకండి, విదిలించకండి, అప్పుడే ఇంకా బిగిస్తుంది. చేతిని నీళ్లలోనో, నేల మీదనో ఆనిస్తే తనే వదిలి పారిపోతుంది. చర్మం తెగితే సబ్బుతో కడగండి.

పది నిమిషాలైనా ఎర కదలకపోతే చోటు మార్చండి. ఎర మార్చడం వల్ల పెద్ద తేడా రాదు. బాగా కుళ్లిన మాంసం పెడితే ఎక్కువ వస్తాయనే నమ్మకం ఉంది. వాసన మనకే ఎక్కువ, ఎండ్రకాయకు తాజా ముక్కా నచ్చుతుంది.

బొక్కలో ఉన్నదాన్ని రప్పించాలంటే మూరెడు గట్టి గడ్డిపుల్ల చివర ఎర్రను కట్టి లోపలికి దించండి. ఎర్ర అంటే వానపాము. పట్టుకున్నట్టు తెలిశాక మెల్లగా వెనక్కి లాగితే మూతిదాకా వస్తుంది. అక్కడ పట్టకారుతో అందుకోండి. బొక్క లోపల బుస్సుమన్నా, నున్నగా ఏదైనా జారినట్టు కనిపించినా పుల్ల వదిలేసి లేవండి. ఎండ్రకాయ కోసం పారతో ఒడ్డు తవ్వకండి. ఒడ్డు తెగితే రైతు మళ్లీ మిమ్మల్ని రానివ్వడు. ఖాళీ అయిన బొక్కను బురదతో కూరి కాలితో తొక్కి రండి.

ఓపిక లేనివాళ్లకు బకెట్ ఉచ్చు. కాలువ పక్కన తడి నేలలో చిన్న బకెట్‌ను అంచు నేలకు సమంగా ఉండేలా పాతి, అడుగున రెండు అంగుళాల నీళ్లు, ఒక చేప తల వేయండి. సాయంత్రం పెట్టి తెల్లవారగానే చూడండి. నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు. కప్పలు, ఒక్కోసారి పాము కూడా పడతాయి, కాబట్టి ముందు దూరం నుంచి వంగి చూడండి. పెట్టినవాటిని లెక్కపెట్టుకుని అన్నీ తీసేయండి.

పాము కరిస్తే: కదలనివ్వకండి, కరిచిన కాలికో చేతికో కర్ర ఆనించి వదులుగా కట్టండి, 108కి ఫోన్ చేయండి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం, మంత్రగాడి దగ్గరికి పోవడం వద్దు.

ఏవి ఉంచుకోవాలి, ఏవి వదలాలి

వెల్లకిలా తిప్పి పొట్ట కింది మడత చూడండి. సన్నగా, కోసుగా ఉంటే మగది. వెడల్పుగా, గుండ్రంగా పొట్టంతా కప్పితే ఆడది. ఆ మడత కింద గుడ్లో, చీమల్లాంటి పిల్లలో ఉంటే ఉన్నచోటే నీళ్లలో వదలండి. పిల్లలకు చూపించి మరీ వదలండి. సముద్రపు పీతలా దీని గుడ్ల నుంచి వేరే రూపపు డింభకాలు రావు, అచ్చం తల్లిలాంటి చిట్టి ఎండ్రకాయలే వస్తాయి.

పెంకు వెడల్పు 4 సెంటీమీటర్లు లేనివి వదిలేయండి. తినడానికి పెంకే తప్ప ఏమీ ఉండదు. పెంకును పక్కల నొక్కితే లొత్త పడేవి కూడా వద్దు. అవి ఈమధ్యే కుబుసం విడిచినవి, లోపల కండ నీళ్లనీళ్లగా ఉంటుంది. అమావాస్యకు కండ పడుతుంది, పౌర్ణమికి ఒట్టిపోతుంది అంటుంటారు. ఆ లెక్కకన్నా నొక్కి చూడడమే నమ్మదగ్గది.

ఇంటికి తేవడం, రాత్రి ఉంచడం

బకెట్ నిండా నీళ్లు పోసి, ఎండ్రకాయలు వేసి, మూత బిగించి కారు డిక్కీలో పెట్టడం కొత్తవాళ్లందరూ చేసే పని. దారిలోనే చావొచ్చు. మొప్పలు తడిగా ఉంటే చాలు, గాల్లోనే ఊపిరి తీసుకుంటాయి. నిలవ నీళ్లలో గాలి అయిపోతే ఊపిరాడదు. తడి గోనె సంచిలో తడి గడ్డితో కలిపి వదులుగా కట్టి, నీడన ఉంచి తెండి.

1. వెడల్పు టబ్బులో రెండు అంగుళాల నీళ్లు పోయండి. బోరు నీళ్లైతే నేరుగా వాడొచ్చు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే పట్టి మూత లేకుండా ఉంచినవి వాడండి.

2. బయటకు వచ్చి కూర్చోవడానికి నాలుగు రాళ్లో, పెంకులో వేయండి. ఒక టబ్బులో పది పన్నెండుకు మించి వేయకండి. ఒకదాని కాళ్లు ఒకటి విరిచేస్తాయి.

3. గాలి ఆడే జల్లెడ మూత పెట్టి పైన ఇటుక పెట్టండి. ఇటుక మరిస్తే పొద్దున్నే మంచాల కింద వెతుక్కోవాలి.

4. మేత పెట్టకండి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి నీళ్లు మార్చండి. నీళ్లు నల్లగా దిగడం ఆగి తేటగా ఉంటే పేగు ఖాళీ అయినట్టు.

దీంతో పోయేది బురద, మలం. మందూ, లోహాలూ పోవు. ఎక్కడ పట్టాలన్న సంగతి ఇక్కడ మళ్లీ గుర్తు చేస్తున్నది అందుకే.

పొద్దున ఒక్కోదాన్నీ చూడండి. కంటి దగ్గర పుల్లతో తాకితే కన్ను లోపలికి ముడుచుకోవాలి. కదలకుండా, కాళ్లు వేలాడేసి ఉంటే పారేయండి. చచ్చిన ఎండ్రకాయ ఎప్పుడు చచ్చిందో తెలియదు, కండ చాలా త్వరగా చెడుతుంది. ఒక్కటే కదా అని కూరలో కలపకండి.

శుభ్రం చేయడం

1. ముందు ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో అరగంట ఉంచండి. స్పృహ తప్పి కదలిక ఆగుతుంది. బతికున్నదాన్ని కాళ్లు విరిచి చంపడం దానికీ బాధ, చూస్తున్న పిల్లలకూ భయం. కాళ్లు ఇంకా కదులుతుంటే మరో పది నిమిషాలు ఉంచండి.

2. వెల్లకిలా పెట్టి, పొట్ట మడత ఎత్తి, దాని మొదట్లో కత్తి మొన దించి చంపండి. తర్వాత మడత విరిచి పారేయండి.

3. వెనక వైపు వేలు దూర్చి పై పెంకును ఎత్తండి. ఒక్క ఊపుకు ఊడుతుంది.

4. రెండు పక్కలా ఈకల్లా ఉన్న మొప్పలు, కళ్ల వెనకున్న చిన్న సంచి, నోటి భాగాలు తీసేయండి. పసుపుపచ్చగా ఉండే గుజ్జును చాలామంది రుచి కోసం ఉంచుతారు. పొలం ఎండ్రకాయలో దాన్ని తీసేయమనే మా సలహా. విషాలన్నీ ముందు పేరుకునేది అక్కడే.

5. ఒంటిని నడిమికి రెండు ముక్కలు చేయండి. కొండెలను రాయితో ఒక దెబ్బ కొట్టి చిట్లించండి, లేకపోతే ఉప్పూ కారం లోపలికి పోవు. కాళ్ల చివరి మొనలు కోసేయండి, పిల్లల నాలుకకు గుచ్చుకుంటాయి.

6. పసుపు, ఉప్పు వేసి కలిపి, మూడు నీళ్లు కడగండి.

పచ్చి ఎండ్రకాయ నీళ్లు తగిలిన కత్తి, పీట, చేతులు అన్నీ సబ్బుతో కడిగి, కత్తి మీదా పీట మీదా మరిగే నీళ్లు పోయండి. ఆ పీట మీదే కీరా, ఉల్లిగడ్డ కోస్తే ఎంత ఉడికించినా లాభం లేదు. కూర ఉడికినా పురుగు సలాడ్ దారిన వస్తుంది.

పులుసు

కిలో ఎండ్రకాయలకు: పల్లి నూనె 5 టేబుల్ స్పూన్లు, ఉల్లిగడ్డలు పావుకిలో, పచ్చిమిర్చి 4, అల్లం వెల్లిగడ్డ ముద్ద 2 టేబుల్ స్పూన్లు, పసుపు అర టీస్పూన్, కారం 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు 2 టీస్పూన్లు, కల్యమాకు రెండు రెబ్బలు, కొత్తిమీర ఒక కట్ట, 30 గ్రాముల చింతపండు గ్లాసు వేడి నీళ్లలో నానబెట్టినది.

పొడికి: ధనియాలు 2 టేబుల్ స్పూన్లు, నువ్వులు 1 టేబుల్ స్పూన్, మెంతులు పావు టీస్పూన్, లవంగాలు 4, దాల్చిన చెక్క చిన్న ముక్క, ఎండు కొబ్బరి తురుము 2 టేబుల్ స్పూన్లు. అన్నీ దోరగా వేయించి దంచుకోండి. మెంతులు నల్లబడితే ఆ విడత పారేసి మళ్లీ వేయించండి, చేదు కూరంతా పాకుతుంది.

ఆరుబయట వండితే మట్టికుండ గానీ స్టీలు గంజు గానీ తీసుకోండి. సత్తు (అల్యూమినియం) గిన్నెలో చింతపండు పులుసు వద్దు. పొయ్యికి రాళ్లు పొడిగా ఉన్నవి చూసుకోండి, వాగులోంచి తీసినవి వేడికి పేలతాయి. సర్కారు తుమ్మ కట్టె బాగా మండుతుంది. గన్నేరు కట్టె పొయ్యిలో పెట్టకండి, దాని పుల్లతో కూర తిప్పకండి, ఆ చెట్టంతా విషం. గడ్డివాముకు దూరంగా, గాలికి అడ్డుగా పొయ్యి పెట్టి పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి.

1. నూనె కాగాక ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కల్యమాకు వేసి ఉల్లి ఎర్రబడేదాకా వేయించండి. పది నిమిషాలు పడుతుంది.

2. అల్లం వెల్లిగడ్డ, పసుపు వేసి పచ్చి వాసన పోయాక ఎండ్రకాయ ముక్కలు వేయండి. పెద్ద మంట మీద ఐదు నిమిషాలు తిప్పండి. పెంకు ఎర్రబడుతుంది. ఉడికిందని మోసపోయేది ఇక్కడే. రంగు మూడు నిమిషాలకే మారుతుంది, లోపల ఇంకా పచ్చే.

3. కారం, ఉప్పు వేసి మూత పెట్టి ఐదు నిమిషాలు మగ్గనివ్వండి.

4. చింతపండు పులుసు, మూడు గ్లాసుల నీళ్లు పోయండి. తెర్లడం మొదలయ్యాక గడియారం చూసి 20 నిమిషాలు మూతపెట్టి ఉడికించండి. కట్టెల పొయ్యి మీద మంట తగ్గి తెర్లడం ఆగితే ఆ సమయం లెక్కలోకి రాదు. ముక్కలు మునిగి ఉండాలి, తేలినవాటిని మధ్యలో తిరగేయండి.

5. దంచిన పొడి వేసి మరో 5 నిమిషాలు. కొత్తిమీర చల్లి దించండి.

ఉడికిందో లేదో చూడాలంటే అన్నిటికన్నా లావు కొండెను చిట్లించండి. కండ తెల్లగా, దళసరిగా, పెంకు నుంచి తేలిగ్గా ఊడిరావాలి. బూడిదరంగులో జిగురుగా, అద్దంలా మెరుస్తుంటే ఇంకో పది నిమిషాలు. నూనె పైకి తేలడం పులుసు చిక్కబడిందని చెబుతుంది, కండ సంగతి చెప్పదు.

జొన్నరొట్టెతో బాగుంటుంది, వేడి అన్నంతో ఇంకా బాగుంటుంది. చిన్నపిల్లలకు కండ ఒలిచి, వేళ్లతో నలిపి పెంకు ముక్కలు లేవని చూసుకుని పెట్టండి.

లూసియానా తీరులోనే కావాలంటే: నాలుగు లీటర్ల నీళ్లలో 100 గ్రాముల ఉప్పు, పది ఎండుమిర్చి, రెండు వెల్లిగడ్డలు, నాలుగు నిమ్మకాయల చెక్కలు వేసి మరిగించండి. ముందు ఆలుగడ్డలు వేసి పది నిమిషాలు, తర్వాత మక్కకంకుల ముక్కలు, శుభ్రం చేసిన ఎండ్రకాయలు వేసి మళ్లీ తెర్లాక 15 నిమిషాలు. క్రేఫిష్‌ను అక్కడ తెరవకుండానే ఉడికిస్తారు. ఎండ్రకాయను అలా చేయకండి. పొట్టలోని బురదంతా ఆ నీళ్లలో కలిసి ఆలుగడ్డలకు పడుతుంది.

జలుబుకు ఎండ్రకాయలు దంచి రసం తీసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దంచి, గుడ్డలో వడగట్టి, మిరియాలు వేసి కాస్తే మంచి చారే. వడగట్టిన నీళ్లు పచ్చివేనని మరవకండి. 15 నిమిషాలు తెర్లించండి. పైన తెల్లగా విరిగినట్టు తేలేది కండలోని మాంసకృత్తే, తీసేయకండి. పసిపిల్లలకు పచ్చి రసం చుక్కలు పోయమని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా చెబితే మాత్రం గౌరవంగానే కాదనండి. రోలునూ మరుగు నీళ్లతో కడగాలి.

ఎక్కడ తప్పింది?

కూర మట్టి వాసన వేస్తే రాత్రి నీళ్లు మార్చలేదు, లేదా మొప్పలు పూర్తిగా తీయలేదు.

కండ లేకుండా పెంకులే మిగిలితే చిన్నవో, కుబుసం విడిచినవో పట్టారు.

కండ పీచుపీచుగా ఉంటే చింతపండు పోశాక గంటసేపు పొయ్యి మీదే వదిలేశారు. అరగంట దాటించనక్కర్లేదు.

అమ్మోనియా వాసన వస్తే గిన్నెలో చచ్చినది పడింది. కొత్తిమీర చల్లి కప్పిపుచ్చకుండా మొత్తం పారబోయండి.

మిగిలిన కూరను బయట రెండు గంటలకు, మండే ఎండలో అయితే గంటకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్లీ తెర్లించి తినండి. తిన్న తర్వాత వారాలకో నెలలకో తగ్గని దగ్గు వస్తే డాక్టరుకు మిగతా లక్షణాలతోపాటు "పొలం ఎండ్రకాయలు తిన్నాం" అన్న మాట కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఆ పురుగు కోసం కూడా పరీక్ష రాస్తాడు.